వరంగల్‌లో ఉంటూ గ్రీన్ బే ప్యాకర్స్‌కు పాతకాపు అభిమాని కావడం ఎలా?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే ఊరు ఉంది. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా సుమారు 1,07,000. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మన నగరం ముందు అది చిన్న ఊరే. అయినా అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ ఆడే లాంబో ఫీల్డ్ మైదానంలో 81,441 మంది కూర్చోవచ్చు. ఆ మైదానం సీజన్ టికెట్లు 1960 నుంచి ఏటా పూర్తిగా అమ్ముడుపోతూనే ఉన్నాయి. టికెట్ కోసం పేరు రాయించుకొని వరుసలో ఉన్నవారి సంఖ్య లక్ష దాటింది. వంతు వచ్చేసరికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి బిడ్డ పుట్టిన వెంటనే పేరు రాయించే తల్లిదండ్రులు అక్కడ ఉన్నారు. తాత పేరు మీద ఉన్న టికెట్లు మనవడికి సంక్రమించడం, పొలం పట్టా చేతులు మారినంత గంభీరంగా జరిగే వ్యవహారం.

ఆ ఊరికి పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, హనుమకొండలో కూర్చొని నేను 2010 నుంచి ఆ జట్టును అనుసరిస్తున్నాను. ఈ ఆటను చూడడం ఎలాగో, చూస్తూ ఏళ్లతరబడి నిలబడడం ఎలాగో నన్ను అడిగేవారు ఇటీవల కొద్దిగా పెరిగారు. వారిలో ఎక్కువ మంది ఒక సీజన్ ఉత్సాహంగా చూసి, రెండో సీజన్ నడుమనే వదిలేస్తున్నారు. వదిలేయకుండా ఉండడానికి ఏం చేయాలో, నాకు అనుభవంలోకి వచ్చినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

జట్టును ఒక్కసారే ఎంచుకోవాలి

ప్యాకర్స్ ఆడే లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, అందులో 32 జట్లు ఉన్నాయి. కొత్తగా చూసేవారు సాధారణంగా నిరుటి విజేతను ఎంచుకుంటారు. అలా ఎంచుకున్నవారికి ఆ జట్టు ఓడిన మొదటి ఏడాదే బంధం తెగిపోతుంది. గెలుపు చూసి కట్టుకున్న ముడి గెలుపు ఉన్నన్నాళ్లే ఉంటుంది. దానికంటే, మీ ఇంటివారు ఎక్కడ ఉంటే అక్కడి జట్టును తీసుకోవడం మేలు. మన జిల్లాల నుంచి డాలస్ వెళ్లినవారు లెక్కకు మిక్కిలి ఉన్నారు. వారి బంధువులు కౌబాయ్స్‌ను తీసుకోవచ్చు. న్యూజెర్సీలో ఆడపడుచు ఉంటే జెయింట్స్ గానీ జెట్స్ గానీ ఉన్నాయి. మా పెద్దమ్మ కొడుకు ఎమ్మెస్ చదవడానికి మిల్వాకీ వెళ్లాడు. ఆ నగరానికి సొంత జట్టు లేదు, అక్కడివారందరూ గ్రీన్ బే జట్టునే తమదిగా భావిస్తారు. అన్న ఫోన్ చేసినప్పుడల్లా ఈ జట్టు మాటే చెప్పడం వల్ల నాకూ అదే అంటుకుంది. ఇందులో నా తెలివి ఏమీ లేదు, కానీ ఆ కారణం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఎంచుకున్న తరువాత మార్చకూడదు. నియమం ఇదొక్కటే, మిగిలినవన్నీ సలహాలు.

ఆటను అర్థం చేసుకోవడానికి రెండు రాత్రులు చాలు

దీనిని ఫుట్‌బాల్ అంటారు గానీ, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మన పిల్లలు ఆడే ఫుట్‌బాల్‌తో దీనికి పోలిక తక్కువ. కబడ్డీ తెలిసినవారికి కొంత తొందరగా పట్టుబడుతుంది, ఎందుకంటే రెండూ నేల కోసం జరిగే పోట్లాటలే. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఒక్కొక్క అవకాశాన్ని డౌన్ అంటారు. పది గజాలు పోగలిగితే మళ్లీ నాలుగు డౌన్లు వస్తాయి, పోలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. అవతలి కొస దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. ఆపై బంతిని కొయ్యల నడుమ నుంచి తన్నితే మరో పాయింటు. టచ్‌డౌన్ సాధ్యం కాదనిపించినప్పుడు దూరం నుంచే తన్ని 3 పాయింట్లు సంపాదించేది ఫీల్డ్ గోల్. ఆట 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలుగా జరుగుతుంది, కానీ గడియారం ఆగుతూ సాగుతూ ఉండడం వల్ల మొత్తం మూడు గంటలకు పైగా పడుతుంది.

మొదటి రెండు ఆటలలో బంతిని వెతుక్కోవద్దు. క్వార్టర్‌బ్యాక్‌ను మాత్రమే చూడండి. దాదాపు ప్రతి డౌన్‌లోనూ బంతి మొదట అతని చేతికే వస్తుంది, అందాక దానితో ఏం చేయాలన్న నిర్ణయం అతనిదే, నింద కూడా చివరికి అతని మీదనే పడుతుంది. అతని తల ఎటు తిరుగుతున్నదో గమనించడం అలవాటైతే మిగతా ఇరవై ఒక్క మంది ఎందుకు పరుగెత్తుతున్నారో దానంతటదే తెలుస్తుంది. నియమాల పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నవారు ఎవరూ నాకు తెలిసి రెండో నెల దాకా రాలేదు.

గడియారంతో రాజీ

మన దగ్గర అభిమానులు రాలిపోయేది ప్రధానంగా నిద్ర వల్లనే. అందుకే వేళల సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

సీజన్ సెప్టెంబరులో మొదలవుతుంది. 2021 నుంచి ప్రతి జట్టూ 18 వారాల్లో 17 ఆటలు ఆడుతున్నది. ఒక వారం విశ్రాంతి. గ్రీన్ బేలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యే ఆట మనకు ఆదివారం రాత్రి 10:30కు వస్తుంది. ఇది అన్నింటికంటే సుఖమైన వేళ. అక్కడి సాయంత్రపు ఆట మనకు రాత్రి రెండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. ఇది కష్టమైనది, దీని గురించి కింద చెబుతాను. అక్కడి రాత్రి ఆట మనకు తెల్లవారి 5:50కి మొదలవుతుంది కాబట్టి, భద్రకాళి చెరువు కట్ట మీద నడకకు వెళ్లేవారు ఆ ఒక్క ఉదయం నడక మానుకుంటే సరిపోతుంది. అయితే నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనకు అటువంటి పద్ధతి లేదు గనుక ఆ రోజు నుంచి అన్ని ఆటలూ మనకు గంట ఆలస్యంగా మొదలవుతాయి. 10:30 కాస్తా 11:30 అవుతుంది. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది నేను గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చొని, నెట్ పాడైందని అనుకొని, మోడెం మూడుసార్లు ఆపి వేశాను.

రాత్రి రెండు గంటల ఆటకు మేల్కొని ఉండడం మంచి పద్ధతి కాదు. తొమ్మిదింటికే పడుకొని, ఒకటిన్నరకు అలారం పెట్టుకొని లేవడం మేలు. సోమవారం కొలువు ఉన్నవారు ఆ వేళ ఆటలను ప్రత్యక్షంగా చూడాలన్న పట్టుదల వదులుకోవాలి. పొద్దున ఫలితం ఎవరి నోటా వినకుండా, ఫోన్‌లో వార్తలు తెరవకుండా జాగ్రత్తపడి, సాయంత్రం ఇంటికి వచ్చి పూర్తి ఆట చూడవచ్చు. ఇక్కడ మనకొక సౌకర్యం ఉంది. గ్రీన్ బేలో ఉన్నవాడు ఫలితం చెవిన పడకుండా పది గంటలు బతకలేడు. సుబేదారిలో తిరిగేవాడికి ఆ భయం ఏ కోశానా లేదు.

ఆటలు చూడడానికి అధికారికమైన దారి ఎన్‌ఎఫ్‌ఎల్ గేమ్ పాస్ చందా. 2023 నుంచి అమెరికా బయటి దేశాలకు దీనిని డాజోన్ సంస్థ అందిస్తున్నది. చందా కట్టే ముందు ఒక నెలపాటు యూట్యూబ్‌లో లీగ్ వారే ఉచితంగా పెట్టే పది పదిహేను నిమిషాల సంక్షిప్త దృశ్యాలు చూసి, మీకు నిజంగా ఆసక్తి ఉందో లేదో తేల్చుకోండి.

లీగ్ వారు ఏటా మే నెలలో ఆటల పట్టిక విడుదల చేస్తారు. అది రాగానే మన వేళల్లోకి మార్చి గోడకు ఉన్న తెలుగు క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవాలి. ఫోన్‌లో పెట్టుకుంటే చాలదా అంటే చాలదు, ఎందుకంటే ఇంట్లో మిగతావారికి అది కనబడదు. మా ఇంట్లో తిథి, నక్షత్రం, దుర్ముహూర్తం ఉన్న గడిలోనే ఆకుపచ్చ పెన్నుతో జట్టు పేరులోని మొదటి అక్షరం, పక్కన వేళ రాసి ఉంటాయి. సద్దుల బతుకమ్మ, దసరా సరిగ్గా సీజన్ తొలి వారాల్లోనే పడతాయి. ఆ రోజుల్లో ఇంటికి చుట్టాలు వస్తారు, ముందు గదిలో పడుకుంటారు, టీవీ కూడా ఆ గదిలోనే ఉంటుంది. పండుగ రాత్రి ఆట కోసం చుట్టాలను లేపిన మనిషికి ఆ ఇంట్లో మరుసటి ఏడాది చూసే హక్కు మిగలదు.

చెడ్డ కాలాన్ని ముందు చదవాలి

జట్టు చరిత్ర చదవమంటే అందరూ గెలుపులు చదువుతారు. ప్యాకర్స్‌కు అవి కొదవ లేదు: 13 లీగ్ విజేత బిరుదులు, అందులో నాలుగు, లీగ్ అంతిమ పోరైన సూపర్ బౌల్‌లు. 1919లో కర్లీ లాంబో, జార్జ్ కాల్హూన్ కలిసి ఈ జట్టును నిలబెట్టినప్పుడు, లాంబో కొలువు చేస్తున్న ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ చొక్కాల కోసం 500 డాలర్లు ఇచ్చింది. జట్టు పేరు అలా వచ్చింది. ఆ కంపెనీ పేరు చూసి మనవాళ్లెవరో వందేళ్ల కిందటే అక్కడ దుకాణం పెట్టారని నేను సంబరపడ్డాను గానీ, అది మాంసాన్ని డబ్బాల్లో నింపే స్థానిక కంపెనీ. 1959లో, అంటే మన ఆర్‌ఈసీకి (ఇప్పటి ఎన్‌ఐటీకి) నెహ్రూ పునాది రాయి వేసిన ఏడాదే, విన్స్ లంబార్డి శిక్షకుడిగా వచ్చి ఆ జట్టు రాతను మార్చాడు. సూపర్ బౌల్ విజేతకు ఇచ్చే ట్రోఫీకి నేటికీ ఆయన పేరే ఉంది. 1967 డిసెంబరు 31న, సున్నాకు సుమారు 25 డిగ్రీల దిగువ చలిలో, నేలను వెచ్చబరిచే యంత్రం మొరాయించి మైదానం గాజుపలకలా మారిన పూట, న్యాయనిర్ణేతల ఈలలు గడ్డకట్టి పనిచేయని స్థితిలో, ఆట ముగియడానికి 16 సెకన్లు ఉండగా క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ తానే గీత మీదికి దూకి డాలస్‌ను 21-17తో ఓడించాడు. సంక్రాంతి ముందు చలికే మనం చెవులకు మఫ్లర్ చుట్టుకుంటాం. ఆ రోజు యాభై వేల మంది ఆరుబయట కూర్చొని చూశారు.

ఇవన్నీ చదవండి, కానీ తరువాత చదవండి. ముందు చదవవలసింది 1968 నుంచి 1992 దాకా నడిచిన పాతిక సీజన్లు. లంబార్డి శిక్షణ బాధ్యత వదిలిన తరువాత ఆ పాతికలో జట్టు ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివరి నాకౌట్ దశకు, చేరింది రెండుసార్లే, 1972లోనూ 1982లోనూ. ఒక తరం పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్లిళ్లు చేసుకున్నారు, వారికి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. అయినా మొదట చెప్పిన లెక్కను ఇక్కడ మళ్లీ చూడాలి: టికెట్లు 1960 నుంచి ఏటా అమ్ముడుపోయాయి. అంటే ఆ పాతికేళ్లలో ఒక్క సీజన్ కూడా జనం సీటు వదులుకోలేదు. నాకు ఈ జట్టు మీద గురి కుదిరింది ఈ లెక్క తెలిసిన రోజునే. మీరు ఎంచుకున్న జట్టు వేరేదైనా, దాని అధ్వాన్నమైన దశాబ్దం ఏదో వెతికి చదవండి; అప్పుడు ఎవరు ఎందుకు ఉండిపోయారో తెలుసుకుంటే మీ సొంత చెడ్డ ఏడాది వచ్చినప్పుడు కొంత ఆసరా దొరుకుతుంది.

ఆ ఊరివారు ఉండిపోవడానికి ఇంకొక కారణం యాజమాన్యం. 1923 నుంచి ఈ జట్టుకు సేఠ్ లేడు. వాటాలు కొన్న జనమే యజమానులు. ఇప్పటికి ఆరుసార్లు వాటాలు అమ్మారు, చివరిసారి 2021 నవంబరులో మొదలుపెట్టి ఒక్కొక్క వాటా 300 డాలర్లకు ఇచ్చారు. ఐదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. ఆ వాటాకు లాభం రాదు, విలువ పెరగదు, అమ్ముకోవడానికి వీలు లేదు. వార్షిక సమావేశంలో ఓటు మాత్రం ఉంటుంది. లీగ్‌లో మరే జట్టుకూ ఈ తీరు యాజమాన్యం లేదు. మంచు కురిస్తే మైదానం శుభ్రం చేయడానికి జట్టు యాజమాన్యం ఊరిని పిలుస్తుంది. గంటకింత కూలి ఇస్తారు, జనం పారలు పట్టుకొని తెల్లవారకముందే వరుస కడతారు. కూలి కోసం వచ్చేవారు అందులో తక్కువేనని అన్న ఒకసారి వెళ్లివచ్చి చెప్పాడు. గత అమ్మకంలో అమెరికా, కెనడాలలో ఉండేవారికే వాటాలు ఇచ్చారు కనుక వరంగల్ చిరునామాతో మనం యజమానులం కాలేము. అన్న కొన్న వాటా పత్రం జిరాక్సు ఒకటి మా ఇంట్లో పటం కట్టి ఉంది, అంతే.

చొక్కా, టోపీ, ఆటగాళ్ల మీది మమకారం

చొక్కా కొనాలనుకుంటే ఇప్పుడు ఆడుతున్నవాడి నంబరు కొనవద్దు. ఆటగాళ్లు వెళ్లిపోతారు. బ్రెట్ ఫావ్ర్ 16 సీజన్లు గ్రీన్ బేకు ఆడి, వరుసగా 253 ఆటల్లో మొదటి నుంచే బరిలో దిగి, 2008లో జెట్స్‌కు, ఆ మరుసటి ఏడాది పరమ శత్రువైన మిన్నెసోటా వైకింగ్స్‌కు వెళ్లాడు. అతని పేరున్న చొక్కాలను జనం కాల్చివేశారు. తండ్రి చనిపోయిన మరునాడే, 2003 డిసెంబరు 22న, ఓక్లాండ్ మీద ఆడి 399 గజాలు బంతి విసిరి గెలిపించినవాడు అతనే. కోపం చల్లారడానికి ఏళ్లు పట్టింది. 2015 జులైలో అతని 4వ నంబరును ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించిన సభ లోపల జరుగుతుంటే, దానిని పెద్ద తెర మీద చూడడానికే 67,000 మంది మైదానంలోకి వచ్చి కూర్చున్నారు. అన్నదమ్ముల మధ్య భూమి తగాదా వచ్చి, మాటలు బందై, చివరికి ఏదో పెళ్లిలో ఒకే పంక్తిలో కూర్చొని తిన్న ఇండ్లు మనకు తెలియనివి కావు. అతని తరువాత వచ్చిన ఆరన్ రాడ్జర్స్ కూడా 2023లో అదే జెట్స్‌కు వెళ్లాడు. అప్పుడు ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కొనేటట్టయితే 15 కొనండి. బార్ట్ స్టార్ నంబరు అది, ఇక మారే ప్రమాదం లేదు.

జున్ను (చీజ్) ముక్క ఆకారంలో ఉండే పసుపుపచ్చ టోపీ కూడా కొందరికి మోజు. విస్కాన్సిన్‌లో పాడి ఎక్కువ, అందుకని పక్క రాష్ట్రమైన ఇల్లినాయివారు వారిని జున్ను తలకాయలు అని వెక్కిరించేవారు. 1987లో రాల్ఫ్ బ్రూనో అనే మిల్వాకీ మనిషి సోఫాలోని స్పాంజి కోసి ఆ వెక్కిరింతనే టోపీగా చేసి పెట్టుకున్నాడు. మన ఉక్కపోతలో దానిని పది నిమిషాలకు మించి పెట్టుకోలేము. గోడకు తగిలించడానికి బాగుంటుంది.

ఓడిన రాత్రి

2015 జనవరి 18న ప్యాకర్స్ సియాటల్‌లో ఆడుతున్నారు. గెలిస్తే సూపర్ బౌల్. మనకు అప్పటికే సోమవారం, రాత్రి 1:35. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులే అయింది గనుక డబ్బా అడుగున సకినాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకొని కూర్చున్నాను. సగం ఆటకు 16-0తో ఆధిక్యం. మూడు నిమిషాల లోపు సమయం మిగిలి ఉండగా కూడా 19-7. నేను సకినం కొరకడం ఆపి, అన్నకు పంపవలసిన సందేశం ముందే టైపు చేసి పెట్టుకున్నాను. ఆ తరువాత సియాటల్ ఒక టచ్‌డౌన్ చేసింది. ఆట మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, బంతి తిరిగి తమకే దక్కాలని, దానిని కావాలనే కొద్ది దూరమే తన్నింది. అది గాలిలోకి లేచి నేరుగా మా ఆటగాడి చేతుల మీదికి వచ్చి, జారి, అవతలివాడికి చిక్కింది. అదనపు సమయంలో 28-22తో ఆట అయిపోయింది. తెర మీద వాళ్లు ఎగురుతున్నారు. నా చేతిలో సగం సకినం అలాగే ఉంది, టైపు చేసిన సందేశం పంపకుండా అలాగే ఉంది.

అమ్మ అప్పుడే లేచి వాకిలి ఊడవడానికి పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమాయె బిడ్డా, గెలిచిండ్రా?"

"లేదమ్మా. ఓడిపోయిండ్రు."

"గట్లనా. మల్ల ఎప్పుడున్నది?"

"సెప్టెంబర్ల."

"అప్పటిదాంక ఇట్లనే కూసుంటవా? లే, మొఖం కడుక్కో. చాయ పెడ్త."

ఇటువంటి రాత్రి తరువాత చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ వారం విశ్లేషణలు చదవవద్దు. బంతి జారవిడిచినవాడిని తిట్టవద్దు. 53 మంది జట్టులో ఒక్కడి మీద నెపం వేయడం తేలిక, పైగా అంతకుముందే చేజారిన అవకాశాలు చాలా ఉంటాయి. తోటి అభిమానికి ఒకరికి ఫోన్ చేయండి. అన్న నాకు మూడు రోజుల తరువాత చేశాడు. ఇద్దరం ఆట మాట ఎత్తకుండా అరగంట మాట్లాడుకున్నాం, పెట్టేసే ముందు "సరే తమ్మీ, ఏప్రిల్ల డ్రాఫ్ట్ ఉన్నది" అన్నాడు.

డ్రాఫ్ట్ అంటే కళాశాలల్లో ఆడిన కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే సభ. నిరుడు ఎక్కువ ఓడినవారికి ముందు వంతు. ఆటలు లేని నెలల్లో అభిమానులకు దొరికే ఆధారం ఇదే. 2025 ఏప్రిల్‌లో ఈ సభను గ్రీన్ బేలోనే నిర్వహించారు. జులై చివరలో శిక్షణ శిబిరం మొదలవుతుంది. ఊరి పిల్లలు సైకిళ్లు తెచ్చి నిలబడితే, ఆటగాళ్లు ఆ చిన్న సైకిళ్లెక్కి సాధనకు వెళతారు, సైకిల్ యజమాని శిరస్త్రాణం మోసుకుంటూ పక్కన పరుగెత్తుతాడు. లంబార్డి కాలం నుంచి ఇది సాగుతున్నది. ఈ రెండింటినీ చూస్తే మే నెల పట్టిక వచ్చే ముందూ తరువాతా ఉండే ఖాళీ కొంత పూడుతుంది.

పట్టికను క్యాలెండర్ మీద రాసేటప్పుడు ఒక జాగ్రత్త. డిసెంబరుతో పాత క్యాలెండర్ అయిపోతుంది. కొత్తది తగిలించాక జనవరి మొదటి వారంలో మిగిలిన ఆట ఏదైనా ఉంటే రాసుకోండి. ప్లేఆఫ్స్ జరిగే సంక్రాంతి వారపు గడుల్లో మాత్రం, జట్టు ఎంత బాగా ఆడుతున్నా, ముందుగా ఏమీ రాయవద్దు. మా ఇంట్లో ఆ గడుల్లో సకినాల పిండి పట్టించే రోజు ఒక్కటే రాసి ఉంటుంది, అదీ అమ్మ చేతిరాతతో.